పిలుపు కానిదంతా మోత

రోజంతా ఆమె కోసి పారేసే గాజు మొత్తం పోగేసినా ఒక టీ చెంచా నిండదు. ఆ చెంచాడులో ఒక్క ముక్క వేలిలో దిగిందంటే మాత్రం డాక్టరు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. అందుకే ఆమె బల్ల అంచున నల్ల టేపు ఒకటి జిగురువైపు పైకి ఉండేలా పరిచి ఉంటుంది. కోసిన ప్రతి కొసనీ దాని మీద అద్దుతుంది. సాయంత్రం ఆ టేపును మడిచి, మూత బిగుతుగా పట్టే సీసాలో వేసి, మోచేతుల దాకా కడుక్కున్నాకే కళ్ళు నలుపుకుంటుంది.

సంస్థలో ఆమెను అందరూ అతుకులక్క అంటారు. జీతం కాగితం మీద ఉండే హోదా చాలా పొడుగు. దాన్ని పూర్తిగా పలికినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఆమె పని గాజు పోగుల్ని అతకడం. తల వెంట్రుక కంటే ఏ కాస్తో మందంగా ఉండే రెండు పోగుల కొసలను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో మెరుపులాంటి చిన్న నిప్పు పుట్టించి, కరిగించి ఒకటి చేయడం. కరిగించేది మిషనే. పోగు మీది పైపూత ఒలవడం, స్పిరిట్‌తో తుడవడం, కొస నిటారుగా తెగేలా కోయడం, మిషన్ గాడిలో పడుకోబెట్టడం మాత్రం చేత్తో చేయాల్సిందే. ఊపిరి వదిలేశాక, మళ్ళీ పీల్చుకునేలోపు ఆమె కోస్తుంది. బిగపడితే చెయ్యి బిగుసుకుంటుందట, పీలిస్తే భుజం లేస్తుందట.

"ఊపిరి వదిలేశాక కాసేపు మనిషి ఎక్కడా ఉండడు. ఆ కాసేపట్లో కొయ్యాలి," అంటుంది.

పెళ్ళయిన కొత్తలో ఆమె టెలిఫోన్ కేబుళ్ళు అతికేది. రోడ్డు పక్క గోతుల్లో, పెద్ద గొడుగు కింద, పైనుంచి లారీలు దుమ్ము పోస్తుంటే కూర్చుని పనిచేసేది. అక్కడ అతుకు కాస్త అటూ ఇటూ అయినా జనం మాటలు పోతూనే ఉంటాయి. ఇక్కడ అలా కుదరదు. ఇక్కడ తయారయ్యేది చెవి.

సముద్రం అడుగున పడుకుని వినే చెవి అది. పైకి చూపుడు వేలంత లోహపు గొట్టం. లోపల ఐదు సెంటీమీటర్ల ప్రత్యేకమైన గాజు పోగు. ఆ పోగే ఒక లేజర్. ఇవతలి కొస నుంచి ఒక రంగు కాంతిని పంపితే, ఆ చిన్న ముక్క తనదైన మరో రంగు కాంతిని పుట్టించి వెనక్కి పంపుతుంది. తీగను కాస్త బిగిస్తే శ్రుతి మారినట్టు, నీళ్లలో ఎక్కడో చప్పుడై ఆ ఒత్తిడి వచ్చి పోగును తాకితే, పోగు పొడుగు మారి, అది పుట్టించే రంగు మారుతుంది. ఎంత మారుతుంది? ఒక పరమాణువు అడ్డుకొలతలో వెయ్యో వంతు పొడుగు తేడా వచ్చినా చాలు, ఇవతలున్న పెట్టె దాన్ని పట్టుకుంటుంది. పట్టుకుని తెర మీద గీతగా చూపిస్తుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చప్పుడుగా వినిపిస్తుంది. నీళ్ల కింద కరెంటు లేదు, బ్యాటరీ లేదు. గాజూ వెలుగూ, అంతే. ఒక్కో చెవిదీ ఒక్కో రంగు కాబట్టి ఒకే పోగు మీద ఎనిమిది చెవులు గుచ్చినా ఏది ఎవరు విన్నారో కలగలిసిపోదు.

ఇదంతా ఆమెకు పుస్తకాలు చెప్పలేదు, ఒక బకెట్ చెప్పింది. ఆరేళ్ళ క్రితం ఇక్కడ చేరిన రోజున, ప్రయోగశాల పెద్ద ఒక ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పోసి, అందులో ఒక చెవిని వేలాడదీసి, "చెయ్యి పెట్టండమ్మా, కదపకండి," అన్నాడు. ఆయన్ని అందరూ పెద్దసారు అంటారు. ఆమె మణికట్టు దాకా ముంచింది. తెర మీద గీత నెమ్మదిగా లేచి పడింది. మళ్ళీ లేచి పడింది.

"ఏంటి సార్ అది?"

"మీరే."

అది ఆమె నాడి. ఒంట్లో పుట్టిన దెబ్బ చర్మం దాటి, నీళ్లు దాటి, గాజును తాకి, రంగు మార్చి, తెర మీద కొండలా లేస్తోంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక చాలాసేపు మాట్లాడలేదని ఆమె భర్త చెప్తాడు. "ఎవరైనా ఏమన్నా అన్నారేమో అనుకున్నా. తీరా చూస్తే బకెట్టట!"

ఆ బకెట్ ఇప్పటికీ ఉంది. కొత్త చెవి పూర్తయినప్పుడల్లా ఎవరో ఒకరు అందులో చెయ్యి పెడతారు. ఏడాదిగా ఆమె మాత్రం పెట్టడం లేదు.

*

ప్రయోగశాల కింది అంతస్తులో ఉంది. అక్కడ మనిషి లోతు నీటి తొట్టి, తొట్టిలో ఒక పక్కన చిన్న స్పీకరు. స్పీకరు చేసే సన్నటి కూతను పిలుపు అంటారు. చెవిని తొట్టిలో దించినప్పుడు తెర మీద ఆ పిలుపు కనపడాలి, మరేదీ కనపడకూడదు. కనపడితే అది మోత. ఆ గదిలో చప్పుళ్లు రెండే రకాలు. పిలుపు కానిదంతా మోత.

తెర ముందున్నవాళ్ళకు గీత వణికినట్టు కనపడితే చాలు, "మోత!" అని అరుస్తారు. ఎక్కడివాళ్ళు అక్కడ బొమ్మల్లా నిలబడాలి. తర్వాత ఒక్కొక్కరినే కదలమని, దొంగను పట్టుకుంటారు. ఆ లెక్కన మొదటి ఏడాదే ఫ్రిజ్‌ను మూడో గదికి తరిమేశారు. కుర్చీల కాళ్ళకు బట్టలు చుట్టారు. గోడ గడియారం పోయింది. పక్క భవనం లిఫ్టు ఏ అంతస్తులో ఆగిందో తొట్టిలో చెవి చెప్తోందని తెలిశాక, లిఫ్టు ఆగే వేళల్లోనే పని పెట్టుకున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ తుమ్మితే రెండు గోడలు దాటి గీత లేచింది. "తుమ్ము నాది, వినడం మీది. ఎవరు మానుకోవాలి?" అని ఆయన వాదించాడు, నెగ్గాడు. ఒకసారి ఎంత వెతికినా దొంగ దొరకలేదు. చివరికి పెద్దసారు చెయ్యెత్తి, "నా కడుపు. పొద్దున్న తినలేదు," అని ఒప్పుకున్నాడు.

నవ్వులాటగానే సాగినా, ఆరేళ్ళలో ఆ గదికి ఒక గుణం పట్టేసింది. మోత అంటే తప్పు. ఎవరో ఒకరు చేసిన తప్పు.

అన్నిటికంటే పెద్ద మోత అతుకు వల్ల వస్తుంది. కొసలు రెండూ సరిగ్గా ఒకటి కాకపోతే, దాటాల్సిన వెలుగులో ఒక పిసరు వెనక్కి తిరిగి లేజర్ మీద పడుతుంది. లేజర్ ఉలిక్కిపడుతుంది. తెర మీద ముళ్ళు ముళ్ళుగా గీతలు లేస్తాయి. మిగతా మోతలకు దొంగలు చాలామంది ఉంటారు. అతుకు మోతకు ఒక్కతే.

*

ఆమె ఇల్లు మూడో అంతస్తులో ఉంది, రెండు గదులూ వంటగదీ. కింద దుకాణంలో ఆమె భర్త కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. రోజంతా ఆ టకటకలు మెట్ల మీదుగా పైకి వస్తుంటాయి. కూతురు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. "ఇంట్లో ఒకరు కళ్ళు, ఒకరు చెవులు. నోరొక్కటే ఎవరి చేతిలోనూ లేదు," అని తండ్రిని చూపిస్తుంది ఆ పిల్ల.

పోయిన ఏడాది ఒక రోజు పొద్దున్న ఆమె టీ తెచ్చి ఇస్తుంటే సాసరు మీద కప్పు గలగలలాడింది. భర్త మిషన్ల మనిషి. చప్పుడు వినగానే రోగం చెప్పేస్తాడు.

"బేరింగు అరిగిందేమోయ్. ఎన్నాళ్ళ నుంచి?"

"నిద్ర చాల్లేదండీ."

"నిద్ర చాలకపోతే రెండు చేతులూ ఆడాలి. నీకు కుడిదొక్కటే ఆడుతోంది."

ఆమె కప్పు కింద పెట్టి చెయ్యి కొంగులో చుట్టుకుంది. "ఈ సంగతి ఈ గోడలు దాటిందంటే చూడండి మరి."

"గోడలకు చెవులుంటాయిగా."

"చెవుల సంగతి నేను చూసుకుంటాను. మీరు నోటి సంగతి చూసుకోండి."

వణుకు ఎప్పుడూ ఉండదు. వారంలో ఒకటి రెండు రోజులు వస్తుంది, కాసేపుండి పోతుంది. ఊపిరి వదిలేశాక ఇంకా తగ్గుతుంది. ఆ సందుల్లోనే ఆమె పని నడిపింది. అయినా ఒక నెలలో రెండు లేజర్ పోగులు గాడిలో పెట్టేటప్పుడు విరిగాయి. అంతకు ముందు ఎప్పుడో ఒకటి విరిగేది. పెద్దసారు ఆమె బల్ల దగ్గరకు వచ్చి కుర్చీ లాక్కున్నాడు. చెడ్డ మాట చెప్పాల్సొస్తే కూర్చుని చెప్పడం ఆయన అలవాటు.

"సముద్రంలోకి వెళ్ళే మొదటి వరుస ఇది. ఎనిమిది చెవులు, పదహారు అతుకులు. అన్నీ మీరే వెయ్యండి. కానీ అమ్మా, నీళ్లలో దించాక ఏ అతుకైనా మోత చేసిందంటే మాత్రం బల్ల మార్చుకుందాం. స్టోర్సులో మనిషి కావాలంటున్నారు. నీడపట్టున పని."

స్టోర్సు అంటే చేతి తొడుగులూ స్క్రూలూ అడిగినవాళ్ళకు తీసిచ్చే కిటికీ. ఆమె తల ఊపింది. ఇంట్లో చెప్పలేదు. తను వేసిన అతుకు సముద్రాన్ని వినే రోజు చూడాలని ఆరేళ్ళుగా అనుకుంటోంది. ఆ రోజే తన ఆఖరి రోజు కూడా కావచ్చని ఇప్పుడు తెలిసింది.

పదిహేను అతుకులు సాఫీగా పడ్డాయి. మూడో చెవికి అవతలి కొస అతుకు చివరికి మిగిలింది. ఆ రోజు చెయ్యి ఆడుతోంది. మూడుసార్లు కోసింది, మూడుసార్లూ కొస వంకర. నాలుగోసారి కుదిరింది. వెలుగు ఎంత నష్టపోతోందో మిషన్ తెర మీద వస్తుంది: సున్నా పాయింట్ సున్నా ఒకటి. ఇంతకంటే మంచి అంకె దాదాపు రాదు. అయినా ఆమెకు నమ్మకం చిక్కలేదు. చెయ్యి ఆడిన రోజున వచ్చిన మంచి అంకె, తడబడిన నాలుక మీద వచ్చిన నిజంలా అనిపించింది.

*

సముద్రం ఆ ఉదయం నూనె పోసినట్టు ఉంది. చేపల పడవ ఒకదాన్ని మాట్లాడుకున్నారు. దాని సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, చుట్ట చుట్టిన నల్ల పైపును చూసి, "ఇందులో ఏముంది సారూ?" అన్నాడు.

"వెంట్రుకంత గాజు."

"వెంట్రుక కోసం ఇంతమందా! మా ఊళ్ళో మంగలి ఒక్కడే చూసుకుంటాడు."

పెద్దసారు, అతుకులక్క, లెక్కల మేడం, మరో ఇద్దరు టెక్నీషియన్లు ఎక్కారు. లెక్కల మేడం అంటే చెవులు పంపిన గీతలను విడదీసి చదివే ఇంజనీరు, ముప్పై దాటిన మనిషి. తెర ముందు పులి, పడవ మీద పిల్లి. రేవు దాటకముందే ఒక బకెట్ పట్టుకుని మూల కూర్చుంది.

నలభై మీటర్ల లోతున్న చోట లంగరు వేశారు. వరుసను నెమ్మదిగా దించి, సముద్రం నేల మీద తిన్నగా పరిచారు. చెవికీ చెవికీ మధ్య పదిహేను మీటర్లు. ఇంజన్ ఆపారు. పెట్టెను సరంగు గదిలో బల్ల మీద పెట్టారు. స్పీకరును నీళ్లలోకి వదిలి, "పిలుపు!" అన్నాడు పెద్దసారు.

తెర మీద ఎనిమిది గీతలు. ఎనిమిదీ ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. టెక్నీషియన్లు చప్పట్లు కొట్టబోయి, మోత అవుతుందని గాల్లోనే ఆపుకున్నారు. అతుకులక్క ఊపిరి వదిలింది.

"పిలుపు ఆపండి."

ఆపారు. ఇక గీతలు చదునుగా పడుకోవాలి. పడుకోలేదు. మూడో గీత నిండా ముళ్ళు. సన్నగా, వాడిగా, తెంపు లేకుండా, వందలు. నాలుగులోనూ రెండులోనూ కాస్త తక్కువ. మిగతావాటిలో ఇంకా తక్కువ. మూడోది మాత్రం పల్లేరు కాయలు పరిచినట్టుంది.

"మోత!"

పడవ మీద వెతుకులాట మొదలైంది. నీటి పంపు ఆపించారు. ఐసు పెట్టె తీయించారు. అందరి చెప్పులూ విప్పించారు. వంటగదిలో గరిటెలు వేలాడుతుంటే దుప్పట్లో చుట్టించారు. సరంగును కదలకుండా కూర్చోమన్నారు.

"ఊపిరి కూడా ఆపమంటారా సారూ?"

"కుదిరితే," అన్నాడు పెద్దసారు, నవ్వకుండా.

ముళ్ళు తగ్గలేదు. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. అతుకు చెడితే తెర ఎలా ఉంటుందో ఆ పడవ మీద అందరికీ తెలుసు. ఇలాగే ఉంటుంది. చెప్పాల్సిన మాట చివరికి ఆమే చెప్పింది.

"మూడోది నా అతుకే సార్. అవతలి కొస. ఆ రోజు నాలుగుసార్లు కోశాను."

"అంకె మంచిదే వచ్చిందిగా?"

"అంకె మంచిదే. తీయించండి, మళ్ళీ వేస్తాను."

వరుసను పైకి లాగారు. పడవవాళ్ళు చేతులతో లాగుతూ ఒక్క మాట అనకపోవడం ఆమెకు తిట్టిన దానికంటే ఎక్కువైంది. ఒక్కో చెవి పక్కనా ఇలాంటి అవసరానికే కాస్త మిగులు పోగు చుట్టిన చిన్న డబ్బా ఉంటుంది. మూడో డబ్బా తెరిచి, ఆరు వారాల కిందటి తన అతుకును తానే తెగ్గోసింది. సరంగు గదిలో మోచేతులు రెండూ బల్లకు ఆనించి, వీపు గోడకు నొక్కి కూర్చుంది. పడవ ఊగుతోంది. చెయ్యి ఆడుతోంది. రెండూ ఒకేసారి ఆగే క్షణం ఒకటి దొరుకుతుందేమోనని కాచుకుని, ఊపిరి వదిలి, కోసింది. అంకె: సున్నా పాయింట్ సున్నా ఐదు. గొప్ప అంకె కాదు. పనికొచ్చే అంకె.

మళ్ళీ అదే చోట, అదే వరుసలో దించారు. పిలుపు, ఎనిమిదీ విన్నాయి. పిలుపు ఆపారు.

మూడో గీత నిండా అవే ముళ్ళు.

పెద్దసారు కుర్చీ కోసం అటూ ఇటూ చూశాడు. కూర్చుని చెప్పాల్సిన మాట వస్తోందని ఆమెకు అర్థమైంది. పడవ మీద ఖాళీ కుర్చీ లేదు. ఆయన నిలబడే ఉండిపోయాడు.

*

మూల నుంచి లెక్కల మేడం లేచి వచ్చింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. "కాస్త జరగండి. తల దించుకుని కూర్చుంటే ఇంకా తిరుగుతోంది, ఏదో ఒకటి చూస్తాను," అని తెర ముందు నిలబడింది. గీతలను సాగదీసింది. ఇంకా సాగదీసింది. ఒక్క సెకను తెర మొత్తం పట్టేంత, తర్వాత అందులో పదో వంతు తెర మొత్తం పట్టేంత. ఇప్పుడు ఒక్కో ముల్లూ విడిగా, చెట్టులా కనిపిస్తోంది.

ఆమె వేలు మూడో గీత మీది ఒక ముల్లు మీద ఆగింది. అక్కడి నుంచి నాలుగో గీత మీదకు జరిగింది. తర్వాత రెండో గీత మీదకు. అలాగే తెర మీదకు వంగిపోయింది. వాంతి వస్తుందేమోనని టెక్నీషియన్ ఒకతను బకెట్ దగ్గరకు జరిపాడు.

"అది తీసెయ్యండి," అంది. "అక్కా, అతుకు మోత ఎలా నడుస్తుంది?"

"అతుకు మోత నడవడమేంటి మేడం? ఉన్నచోటే ఉంటుంది."

"ఇది నడుస్తోంది."

అందరూ తెర మీదకు వంగారు. మూడో చెవిలో లేచిన ముల్లే, కాస్త చిన్నదై, నాలుగో చెవిలో లేచింది. అదే సమయానికి అటు రెండో చెవిలోనూ లేచింది. ఇంకాస్త చిన్నదై ఐదులో, ఒకటిలో. తర్వాతి ముల్లూ అంతే. దాని తర్వాతదీ అంతే. చెవికీ చెవికీ మధ్య ఆలస్యం సెకనులో నూరో వంతు.

"పదిహేను మీటర్లకు నూరో వంతు," అంది లెక్కల మేడం. "సెకనుకు పదిహేను వందల మీటర్లు. సార్, పోగులో వెలుగు ఇంత నిదానంగా నడవదు. నీళ్లలో చప్పుడు నడిచే వేగం ఇది. అచ్చంగా ఇదే."

ఎవరూ కదల్లేదు. ఆరేళ్ళుగా మోత అనగానే బొమ్మల్లా నిలబడే అలవాటున్నవాళ్ళు, ఈసారి ఎవరూ అరవకుండానే నిలబడిపోయారు.

"అతుకుది కాదు," అన్నాడు పెద్దసారు మెల్లగా. "పడవదీ కాదు. కింద, మూడో చెవి పక్కన ఏదో ఉంది. చాలా ఉన్నాయి." తర్వాత నుదురు కొట్టుకున్నాడు. "రొయ్య! చిటికె రొయ్య. బొటనవేలంత ఉంటుంది, ఒక డెక్క పెద్దది. ఆ డెక్కతో చిటికె వేస్తే నీళ్లలో బుడగ పుట్టి పేలుతుంది. రాళ్ళ సందుల్లో వేలకు వేలు ఉంటాయి. చదివాను నేను. ఎన్నిసార్లు చదివాను! ఎదురుగా వచ్చి చిటికె వేస్తే గుర్తుపట్టలేదు."

నిజానికి వాళ్ళెవరూ నీటి మనుషులు కారు. గాజు మనుషులు. నిశ్శబ్దం కోసం లిఫ్టులతోనూ తుమ్ములతోనూ పోట్లాడి పోట్లాడి, చెవి వినడం మొదలుపెట్టగానే అది చెడిపోయిందనుకుని పైకి లాగేశారు.

హెడ్‌ఫోన్లు ఒక్క జత ఉన్నాయి. పెద్దసారు వాటిని ముందు అతుకులక్కకు ఇచ్చాడు.

మొదట పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపట. దగ్గరగా, ఎడతెగకుండా. లెక్కల మేడం మూడో చెవి నుంచి ఏడో చెవికి మార్చింది. చిటపట దూరమైంది. దాని వెనక ఇంకేదో ఉంది, చీకటి గదిలో కళ్ళు అలవాటు పడ్డాక వస్తువులు కనపడినట్టు ఒక్కొక్కటే వచ్చాయి. ఇసుక మీద ఇసుక జారుతున్న చప్పుడు. లంగరు గొలుసు ఒక కడియం మరో కడియాన్ని తాకడం. ఎవరో గొంతు లోపలే మూలిగినట్టు రెండు మూడు మూలుగులు, కాస్త ఆగి మళ్ళీ. చేపలు కావచ్చు అన్నాడు పెద్దసారు, ఏ చేపలో తెలియదన్నాడు. ఈ అన్నిటి అడుగునా చెవికంటే ఛాతీకి తగిలే దెబ్బ ఒకటి. దబ్, దబ్, దబ్. నిదానంగా, ఒకే కొలతలో.

"ఇంజన్ ఆపలేదా?" అంది ఆమె.

"ఎప్పుడో ఆపేశానమ్మా," అన్నాడు సరంగు.

"మరి ఇదేంటి? ఏదో పెద్ద ఓడ."

సరంగు బయటికి వెళ్ళి నాలుగు దిక్కులూ చూసి వచ్చాడు. ఓడ లేదు. పడవ లేదు. పక్షి కూడా లేదు. ఆయనే హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాడు. నలభై ఏళ్ళుగా ఈ నీళ్ల మీదే బతుకుతున్న మనిషి, నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. హెడ్‌ఫోన్లు తీసి రెండు చేతులతో ఆమెకు అందించి, చెప్పుల్లేని కాళ్ళతో చప్పుడు కాకుండా వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

వాళ్ళు మధ్యాహ్నం తిండి తిని, డబ్బాలు కడుక్కున్నాక, ఆకాశం నీళ్లను తాకే గీత మీద అగ్గిపుల్ల తలంత మచ్చ లేచింది. మచ్చ ఓడైంది. అది దగ్గరకు రాలేదు, అలా అడ్డంగా సాగిపోయింది. అంతసేపూ తెర మీద దాని దెబ్బ పడుతూనే ఉంది. అంత ఇనుమూ, అంత ఇంజనూ నీటిని తోస్తే, ఆ తోపు అన్ని మైళ్ళు నడిచి వచ్చి, వెంట్రుకంత గాజును పరమాణువులో వెయ్యో వంతు కదిపింది. ఆ కదలిక ఆమె చేత్తో వేసిన అతుకులు దాటుకుని పైకి వచ్చింది.

"దీన్ని ముందు విన్నాం. తర్వాత చూశాం," అంది లెక్కల మేడం. ఆమెకు వాంతుల సంగతి గుర్తు లేదు.

*

తిరుగు ప్రయాణంలో అతుకులక్క పెద్దసారు పక్కన వచ్చి కూర్చుంది. కూర్చునే చెప్పింది.

"సార్, అది మోత కాదని తేలింది. కానీ నా చెయ్యి ఆడే మాట నిజం."

"ఎన్నాళ్ళుగా?"

"ఏడాదైంది."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "పొద్దున్న తెగ్గోసింది మంచి అతుకు. తెలుసా?"

"తెలుసు. ఒకటికి ఐదు వచ్చింది."

"అయితే అమ్మా, ఆడేది చెయ్యా, గుండెనా?"

"రెండూ సార్," అంది ఆమె. "గుండెకు మందు ఇవాళ కింద విన్నాను. చేతికే దొరకాలి."

స్టోర్సు సంగతీ, సముద్రంలో విన్న సంగతీ ఇంట్లో కూడా ఆ రోజే చెప్పింది. భర్త విని, "సముద్రంలో రొయ్య చిటికేస్తే వినపడిందిగానీ, డాక్టరు దగ్గరకు పదమని ఏడాదిగా నేను మొత్తుకుంటే వినపడలేదు," అన్నాడు. కూతురు సెలవు పెట్టి తీసుకెళ్ళింది. డాక్టరు ఆమె చేత గుండ్రటి చుట్టలు గీయించి చూసి, ప్రాణానికి ముప్పు లేదన్నాడు. మాత్రలతో కొంత తగ్గుతుందనీ, వయసుతో కొంత పెరుగుతుందనీ, పూర్తిగా పోదనీ చెప్పాడు. ఆమెకు ఈ మాట నచ్చింది. అంకె చెప్పినట్టు చెప్పాడంది.

స్టోర్సు కిటికీకి వేరే మనిషి దొరికాడు. అతుకుల బల్ల పక్కన రెండో బల్ల వేశారు. టెక్నీషియన్లలో ఒకతను పొద్దున్నపూట అక్కడ పాత పోగుల మీద కోత నేర్చుకుంటున్నాడు. ఊపిరి వదలడం తప్ప అన్నీ వచ్చాయట.

వరుస ఇప్పుడు అక్కడే, సముద్రం నేల మీదే ఉంది. గీతలు రేవు గట్టు మీది చిన్న గదికి వస్తాయి. లెక్కల మేడం రోజూ వాటిని విడదీసి, దేని కింద చేరుతుందో రాస్తుంది. మొదట రెండే గడులు ఉండేవి, పిలుపు, మోత. సరిపోవడం లేదని ఓడలకొకటి, రొయ్యలకొకటి, వానకొకటి గీసింది. వాన పడితే కింది నుంచి ఎలా ఉంటుందో వినడానికి ఒక మధ్యాహ్నం అందరూ ఆ గదిలో చేరారు, చినుకు చినుకూ విడిగా వినపడింది. ఇవేవీ కానివాటికి చివర ఇంకో గడి గీసి, తెలియనివి అని రాసింది. ఇప్పటికి అన్నిటికంటే బరువుగా నిండింది ఆ గడే.

సోమవారం కొత్త వరుస మొదలైంది. ముప్పై రెండు చెవులు, అరవై నాలుగు అతుకులు. చెయ్యి బాగున్న రోజుల్లో ఆమె వేస్తుంది, బాగుండని రోజుల్లో పక్క బల్ల చూస్తుంది. పంచుకున్న లెక్క ప్రకారం ఆమెవి నలభై.